మన ఊరి కరెంటుకు చుట్టిన మోటారు

పోయిన మంగళవారం మూడో పీరియడ్‌లో నేను బోర్డు మీద లెక్క చేస్తుండగా మా ల్యాబు ఆయా వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడూ నేరుగా లోపలికి వచ్చేసే మనిషి. "మేడం గారూ, వైండింగ్ మేస్త్రీ గారు పోయారంట" అంది. పొద్దున కొట్టు తెరిచి, బెంచీ ముందు కూర్చుని, సగం చుట్టిన పంపు మోటారు మీద చెయ్యి వేసి అట్లాగే తల వాల్చేశారట. పక్కనున్న టీ కొట్టతను రెండుసార్లు పిలిచి, లెక్కలో ఉన్నారేమోనని ఊరుకున్నాడట. గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు టీ అలాగే ఉండటం చూసి దగ్గరికెళ్లి తట్టాడట.

తీగ చుట్టేటప్పుడు మేస్త్రీ గారు ఎవరికీ పలకరు. పది చుట్లకు ఒక అగ్గిపుల్ల కుడి పక్క నుంచి ఎడమ పక్కకు జరిపేవారు. పుల్లలన్నీ ఇటు వచ్చేదాకా పిలిచినవాళ్లు నిలబడాల్సిందే. నరసరావుపేటలో మోటారున్న ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. కాలిన మోటారు తెస్తే ముందు మూత విప్పి వాసన చూసేవారు. "ఇది లో ఓల్టేజికి పోయింది" అనో, "ఇది నీళ్లు దిగి పోయింది" అనో చెప్పి, ఆ తర్వాతే మనిషి ముఖం చూసేవారు. తిరుగుతున్న మోటారును మాత్రం అరచేత్తో తాకేవారు కాదు, చేతి వెనక వైపు ఆనించేవారు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు.

ఆయనకు నేను ఏమవుతానని అడిగితే చెప్పడం కష్టం. చుట్టం కాదు, శిష్యురాలిని అసలే కాదు. యూనివర్సిటీలో ఫిజిక్సు చదివి, ఇక్కడి ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పుకుంటున్నదాన్ని. ఆయన నాలుగో తరగతి దాటలేదు. మా ఇద్దరినీ కలిపింది తొమ్మిది రోజుల పని, ఒక ఇనప పొట్టేలు.

రెండేళ్ల కిందటి మాట. మా ఫిజిక్సు సెక్షన్లో అప్పుడు ఏడుగురే పిల్లలు. కాలేజీ కమిటీ సెక్రటరీ గారు నన్ను పిలిపించి, "ఏడుగురి కోసం అంత పెద్ద ల్యాబు ఏందమ్మా, సెక్షన్ ఎత్తేద్దామనుకుంటున్నాం. వచ్చే వారం కాక పై సోమవారం మీటింగు" అన్నారు. నేను ఏదో చెప్పబోతే, బల్ల మీద పేపరువెయిట్ కింద నెల రోజులుగా పడి ఉన్న కాగితం ఒకటి తీసి ఇచ్చారు. గుంటూరులో ఒక టెక్నికల్ కాలేజీ వాళ్లు ఎగ్జిబిషన్లో యంత్రాల పోటీ పెడుతున్నారు. సున్నంతో గీసిన గుండ్రటి బరిలో రెండు యంత్రాలు తలపడాలి. ఎదుటిదాన్ని గీత దాటించినా, కదలకుండా చేసినా గెలిచినట్టు. "దీన్లో మన కాలేజీ పేరు నిలబెట్టండి, అప్పుడు చూద్దాం" అన్నారాయన, ఎటూ జరగదని తెలిసిన మనిషి నవ్వే నవ్వుతో. పోటీ మీటింగుకు ముందు వచ్చే శనివారం. తొమ్మిది రోజులుంది.

ఏడుగురిలో కోటేశ్వరి ఒకతె. బొల్లాపల్లి అవతల నుంచి, మండలాలు ఏర్పడిన కొత్తలో, మామయ్య ఇంట్లో ఉండి చదువుకోవడానికి వచ్చింది. సెక్షన్ ఎత్తేస్తే మగపిల్లల కాలేజీలో చేరవచ్చు గదా అని నేనంటే, "మగపిల్లల కాలేజీ అయితే ఇంటికొచ్చెయ్యమన్నాడు మేడం మా నాన్న. ఎద్దులబండి కూడా తోలుకొస్తానన్నాడు" అంది. మిగిలిన ఆరుగురి ఇళ్లలోనూ మాట అదే, బండి ఒక్కటే తేడా.

అలా నేను మేస్త్రీ గారి కొట్టు మెట్టెక్కాను. పుల్లలన్నీ ఎడమకు చేరేదాకా నిలబడ్డాను.

"ఏందమ్మా, పొట్టేళ్ల పందెమా?" అన్నారు విని.

"అలాంటిదే మేస్త్రీ గారూ. ఇనప పొట్టేళ్లు."

"ఎన్నాళ్లుంది?"

"తొమ్మిది రోజులు."

"ఒక్క ఆర్మేచరు చుట్టాలంటేనే మూడు రోజులు పట్టిద్ది. రెండు చక్రాలకు రెండు మోటార్లు కావాల. వార్నీషు ఆరాల. పగలు కరెంటు ఉండేదే నాలుగు గంటలు." అని కాసేపు గోడకేసి చూసి, "ఏడుగురా పిల్లలు?" అన్నారు.

"ఏడుగురే."

"రేపు పొద్దున రమ్మను."

కాలిపోయి అటక మీద పడేసిన మిక్సీల నుంచి రెండు మోటార్లు తీశారు. సైకిలు చెయిన్లు, ఇనప బద్దీలు, చక్రాలకు ట్యూబు రబ్బరు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీ బ్లోయరు బాగుచెయ్యడానికి వెళ్లి, వాళ్లు పారేసిన పార ఒకటి తెచ్చారు. సున్నం తోడీ తోడీ దాని అంచు బ్లేడులా అరిగి ఉంది. "ఇది ఎదుటోడి కిందికి దూరిద్ది" అన్నారు. పిల్లలు ఆకురాయి పట్టారు, బోల్టులు బిగించారు. కరెంటు పోతే డ్రిల్లు ఆగిపోయేది, అందరం ఫ్యాను రెక్కల వంక చూస్తూ కూర్చునేవాళ్లం.

ఒకరోజు ఒక రైతు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. "నా మిరప తోట ఎండిపోతంటే ఆడపిల్లలకు బొమ్మ చేసి పెడతన్నావా?"

"ఒరేయ్, నీ మోటారు సాయంత్రం తీసుకుపో. నీ తోటకు ఇంకో తడి ఉంది. వీళ్లకు లేదు" అన్నారు మేస్త్రీ గారు తల ఎత్తకుండా. అతను గొణుక్కుంటూ వెళ్లబోయి, మళ్లీ వచ్చి, కోటేశ్వరి ఆపసోపాలు పడుతున్న బోల్టును ఒక్క తిప్పుతో బిగించి పోయాడు.

ఇప్పుడు చెప్పాల్సిన సంగతి దగ్గరికి వచ్చాను. నాలుగో రోజు ఆయన మొదటి ఆర్మేచరు, అంటే మోటారు లోపల తిరిగే భాగం, చుడుతున్నారు. పాత తీగ విప్పినప్పుడు నేను లెక్కపెట్టాను, ఒక్కో కాయిలుకు నలభై చుట్లు. ఆయన కొంచెం లావు తీగతో ముప్ఫై రెండే చుట్టారు. రెండోదానికీ అంతే. నేను చాక్‌పీసుల పెట్టె వెనక అట్ట మీద లెక్క వేసుకున్నాను. ఇది రెండు వందల ముప్ఫై ఓల్టులకు సరిపోయే మోటారు కాదు, నూట ఎనభైకి చుట్టినది. నోటి దాకా వచ్చింది. ఇరవై ఏళ్లుగా వందల మోటార్లు చుట్టిన చెయ్యి ముందు నా పెట్టె వెనక లెక్క ఏపాటిది అనిపించింది. లెక్కలో ఉన్న మనిషిని పిలవకూడదు కూడా. ఊరుకున్నాను. ఊరుకోవడానికి నాకు ఎప్పుడూ ఒక కారణం దొరుకుతుంది.

పొట్టేలు మా వరండాలో చక్కగా నడిచింది. పిల్లలు ఎదురుగా పెట్టిన ఇసుక బస్తాను గోడ దాకా నెట్టింది.

శనివారం పొద్దున గోనెసంచిలో కట్టి బస్సెక్కించాం. "ఏంది మూటలో?" అన్నాడు కండక్టరు.

"పొట్టేలు" అన్నారు మేస్త్రీ గారు.

"అరవదే?"

"గుంటూరులో అరిచిద్ది."

గుంటూరులో ఒక పెద్ద హాలు, మధ్యలో సున్నపు గీత, పై నుంచి వేలాడే కరెంటు తీగలు. మాకు మొదటి పోటీ చిలకలూరిపేట నుంచి వచ్చిన కుర్రాళ్లతో. కోటేశ్వరి రెండు స్విచ్చిలూ వేసింది. మా పొట్టేలు అంత జోరుగా దూకడం మేమెప్పుడూ చూడలేదు. పార వాళ్ల యంత్రం కిందికి దూరింది, ఊపిరి తీసుకునే లోపు దాన్ని గీత అవతల పడేసింది. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. కోటేశ్వరి మాత్రం స్విచ్చిల మీద నుంచి చెయ్యి తియ్యకుండా, "మేడం, ఇది మన పొట్టేలులా లేదు" అంది.

అప్పటికే మేస్త్రీ గారు వంగి వాసన చూస్తున్నారు. చేతి వెనక వైపు మోటారుకు ఆనించి వెంటనే లాగేశారు. తర్వాత తన సంచిలో నుంచి టెస్టింగు బల్బు తీశారు. కొట్లో ఎప్పుడూ బెంచీ మీద వేలాడే బల్బే. దాని తీగలు గోడ సాకెట్లో పెట్టి చూశారు, చాలాసేపు చూశారు.

"నా బల్బు ఇంత తెల్లగా వెలగడం నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నారు.

ఆయన బతుకంతా పల్నాడు కరెంటుతోనే గడిచింది. పేరుకు రెండు వందల ముప్ఫై, వచ్చేది నూట అరవై, నూట డెబ్భై. చేలో మోటారు ఆ కరెంటుకు తిరగాలంటే చుట్లు తగ్గించి చుట్టాలి. నరసరావుపేటలో మిక్సీకీ అంతే. అలా చుట్టడం ఆయన వేళ్లకు పట్టేసింది. ఇక్కడ కరెంటు నిండుగా ఉంది.

"తప్పు నాదే" అన్నారు పిల్లల వైపు తిరిగి. "మన ఊరి కరెంటుకు చుట్టాను. ఇంకో మూడు నిమిషాలు ఆడితే రెండూ కాలిపోతయ్."

నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండో పోటీకి నలభై నిమిషాలుంది. మళ్లీ చుట్టడానికి వ్యవధి లేదు. మేస్త్రీ గారు నేల మీద చతికిలపడి, కళ్లు మూసుకుని, "దారిలో అడ్డం ఏదన్నా పెట్టాల. అది కొంత కరెంటు తినాల, మిగిలిందే మనకు రావాల. హీటరు పొయ్యిలు రెండు దొరికితే చాలు" అన్నారు. ఒక్కో మోటారుకు ఒక్కో హీటరు. ఆడపిల్లల హాస్టలు ఆ హాలు వెనకే ఉంది, కానీ హాస్టళ్లలో హీటర్లు పెట్టుకోకూడదు. అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?

"అడగబాకమ్మాయ్" అన్నారాయన కోటేశ్వరితో. "ఏ గదిలో నుంచి కాఫీ వాసనొస్తే ఆ తలుపు కొట్టు."

ఆ పిల్ల పరుగెత్తింది. ముప్ఫై నిమిషాలు గడిచాయి. నేను గడియారం చూడటం మానేసి గుమ్మం చూస్తున్నాను. చివరికి ఓణీ కింద రెండు హీటర్లు దాచుకుని, రొప్పుతూ వచ్చింది. "ఒకామె వార్డెననుకుని మంచం కిందికి దూరింది మేడం."

రెండో పోటీ, ఈ పందెం పెట్టిన టెక్నికల్ కాలేజీ వాళ్లతోనే. వాళ్లది నాలుగు చక్రాల బలమైన యంత్రం. హీటర్లు రెండిటినీ మోటార్లకు వెళ్లే తీగల మధ్యలో కలిపి, బల్ల మీద పక్కపక్కనే పెట్టారు మేస్త్రీ గారు. పొట్టేలు మామూలుగా నడుస్తున్నంతసేపు కాయిళ్లు నల్లగానే ఉన్నాయి. ఎదుటిదానితో తలపడి ఆగిపోయినప్పుడు మెల్లగా ఎర్రబడ్డాయి. కుడి చక్రం పెనుగులాడితే కుడి కాయిలు, ఎడమది పెనుగులాడితే ఎడమది. నేను బరి వైపు చూడలేకపోయాను. ఆ రెండు కాయిళ్లలోనే పోటీ అంతా చూశాను. ఏడుగురి చదువు అక్కడ ఎర్రబడుతూ, నల్లబడుతూ ఉంది.

ఎడమ కాయిలు తెగిపోయింది. పొట్టేలు ఒంటి చక్రం మీద గింగిరాలు తిరిగింది.

"అమ్మాయ్, ఎడమది ఆపు" అన్నారు మేస్త్రీ గారు. కటింగు ప్లయరు ఒకటే ఉంది. ఒక కొస దాంతో పట్టుకుని, రెండో కొస వట్టి వేళ్లతో పట్టుకుని, ఎర్రటి తీగను తీగకు మెలేశారు. ఆయన పెదవులు లెక్కపెట్టేటప్పటిలా కదిలాయి. "ఇప్పుడు వెయ్" అన్నారు.

కాయిలు మళ్లీ ఎర్రబడింది. పొట్టేలు గీత అంచున నిలదొక్కుకుంది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. తర్వాత మా పొట్టేలు ఎడమ చక్రం నాలుగు వేళ్ల మేర గీత దాటింది.

తిరుగు బస్సులో మేస్త్రీ గారు సోడా కొట్లో అడిగి తెచ్చిన ఐసు ముక్కను గుడ్డలో చుట్టి వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నారు. సగం దారి దాటాక కోటేశ్వరి ఆయన వైపు తిరిగి, "బాబాయ్, మా నాన్న బండి తోలుకొస్తాడు" అంది. ఆయన గుడ్డ విప్పి, వేళ్ల వంక చూసుకుని, మళ్లీ చుట్టుకున్నారు.

సోమవారం కమిటీ మీటింగుకు ఆయనను ఎవరూ పిలవలేదు. వేళ్లకు కట్టుతో, సంచిలో ఆ రెండు మోటార్లతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "అయ్యా, ఆడపిల్లలు ఓడలేదు. నేను ఓడాను. మీ చేలల్లో మోటార్లన్నీ ఇట్టా చుట్టబట్టే తిరుగుతున్నయ్, అదే గుంటూరులో కొంప ముంచింది. ఇంకో ఏడాది ఇవ్వండి. ఈసారి అడిగి చుడతా." కమిటీలో అందరూ రైతులే, అందరి మోటార్లూ ఆయన చేతి మీదుగా పోయినవే. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఒక్క ఏడాదే" అన్నారు సెక్రటరీ గారు. కోటేశ్వరి నాన్న బండి రాలేదు.

నాలుగు నెలలు మోసి, ఒకరోజు వెళ్లి ఆయనతో చెప్పాను, నేను ఆ రోజే లెక్కపెట్టానని.

"తెలుసమ్మా. పెదాలు కదిలిస్తా ఉన్నావు గదా, చూశాను."

"మరి మీరు ఎందుకు అడగలేదు?"

"గుంటూరు కరెంటు ఎట్టా ఉంటదో నాకేం తెలుసు. చానా నిదానంగా చుట్టాను, నువ్వేమన్నా అంటావేమోనని. చదువుకున్నదానివి, నువ్వే ఊరుకున్నావంటే సరిపోయి ఉంటదిలే అనుకున్నా." అగ్గిపుల్లలు సర్దుతూ అన్నారు. "ఆ రోజు నువ్వు పిలిస్తే పలికేవాణ్ణి."

ఒక్కో ఏడాదిగా సెక్షన్ ఇప్పటిదాకా బతికింది. ఈసారి పదకొండు మంది. వచ్చే సోమవారం మళ్లీ మీటింగు, మళ్లీ అదే తీర్మానం. గుమ్మంలో నిలబడటానికి ఆయన లేరు. నేనే వెళ్లాలి. వెళ్లి ఏమంటానో, అసలు అనగలనో లేదో, ఈ రాత్రికీ తెలియదు.

ఆ హీటరు మా ల్యాబులోనే ఉంది. హాస్టలు పిల్లలు తెగినది తమకెందుకని వదిలేశారు. నిన్న ప్రాక్టికల్సులో దాన్ని బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. పదకొండు మందీ చుట్టూ చేరారు. కాయిలు కాసేపు నల్లగానే ఉంది. తర్వాత ఆయన మెలేసిన ముడి దగ్గర, మిగతా తీగ కంటే ముందు, చిన్న ఎర్రటి చుక్క కనిపించింది. అక్కడి నుంచి అటూ ఇటూ పాకింది.