అమ్మిన ఇంటి ముందు ముగ్గు

"ఇల్లమ్మితే పిల్లల్ని ఏడ పండవెడ్తవ్? నీ నెత్తిమీదనా?" అని అమ్మ అరిచింది.

"రాజేంద్రనగర్‌ల కిరాయికుందాం. ఆడ బడి ఉన్నది. ఈళ్లు సదువుకోవద్దా?" అన్నాడు బాపు.

"నేనైతే గడప దాట. ఏం జేస్కుంటవో జేస్కో!"

మొన్న ఎవరింటి ముందో పేడనీళ్ల వాసన తగిలి, శంషాబాద్‌లోని మా ఇల్లు, ఆ గొడవ గుర్తొచ్చాయి. ఏ చదువు కోసం ఆ ఇల్లు అమ్మారో, ఆ చదువు నాకు నాలుగేళ్లు కూడా సాగలేదు.

ఆ గొడవైన నెలకు, ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు పొద్దున నేను లేచేసరికి అమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, పెద్ద ముగ్గు వేస్తోంది. పిడికెడు పిండి కూడా వృథా చేయని మనిషి మా అమ్మ. అంత ముగ్గు వేస్తోందంటే ఇల్లు మాకే ఉండిపోయిందనుకుని, తమ్ముణ్ణి లేపి గంతులేశాను.

అంతలో ఇల్లు కొన్నావిడ వచ్చింది. అమ్మ చేతులు కడుక్కుని తాళంచెవి ఆమెకు ఇచ్చింది.

"ఉత్త వాకిలి అప్పజెప్పొద్దని ముగ్గేసిన, అక్కా" అంది.

మేము ముగ్గు తొక్కకుండా పక్కనుంచి బయటికి నడిచాం.