పన్నెండు మాటల పాట

మా గల్లీలో కిరాణా కొట్టు నడిపే రాజేశ్వరమ్మ చెప్పే కథ ఇది. వెంకటనర్సమ్మ తన పీఎఫ్ పైసలన్నీ తీసి కంప్యూటర్‌లో దాచిందట. అవి పెరిగి పెరిగి ఉప్పల్‌లో రెండు ప్లాట్లు కొనేంత అయ్యాయట. వాటి తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలట. ఎవరికీ చెప్పొద్దని ఆ కంప్యూటర్ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెబితే, చదువురాని మనిషి, బతుకమ్మ దగ్గర ఆ మాటలనే పాట కట్టి పాడేసిందట. తెల్లారేసరికి అంతా ఖాళీ అట. నూనె ప్యాకెట్‌కు వెళ్ళినవాళ్ళకు చిల్లరతోపాటు ఈ కథ కూడా చేతికొచ్చేది.

వెంకటనర్సమ్మ మా పక్క పోర్షన్‌లో ఉంటుంది. మధ్యన ఒక్కటే గోడ. నేను ఇంటర్ మొదటి ఏడాదిలోనే చదువు మానేసి బ్లౌజులు కుడుతున్నాను. మిషన్ కిటికీ పక్కనే కాబట్టి ఆమె రాకపోకలన్నీ నాకు కనిపిస్తాయి, ఆమె గొంతు వినిపిస్తుంది.

ఆమె జనగామ దిక్కు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. లైన్ మీద మాట్లాడకూడదు. నెత్తికి టోపీ, మూతికి మాస్కు. ఆ మాస్కు కింద ఆమె పెదవులు కదులుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ ఏదో నములుతున్నదనుకొని ఒకసారి మాస్కు తీయించాడు. నోట్లో ఏమీ లేదు. పాట కడుతున్నది. ఆమెకు రాయడం రాదు. కట్టిన చరణం టిఫిన్ టైములో పక్కనుండే సంతోషికి చెబుతుంది, ఇద్దరూ రెండుసార్లు అనుకుంటే అదే రాసుకున్నట్టు.

రెండేళ్ళ కింద ఆమె కట్టిన పాటలో కంపెనీ బస్సు ఉండేది. బస్సు తప్పిపోతే గేటు మూసేస్తారని, చంటిపిల్ల ఏడుపు ఇంట్లోనే వదిలి ఉరికిన తల్లి మీద పాట. బతుకమ్మ నాడు కెమెరా పట్టుకొని ఒకాయన వచ్చి రికార్డు చేసుకొని, మస్తుగ పాడినవమ్మా అని పొగిడి పోయాడు. మరుసటి ఏడు అదే పాట ఏదో స్టూడియో పేరుతో వచ్చింది. పట్టులంగాల పిల్లలు పచ్చటి పొలంలో ఆడుతున్నారు. బస్సు తీసేసి ఎడ్లబండి పెట్టారు. పాడింది ఎవరో, రాసింది ఎవరో, ఈమె పేరు ఎక్కడా లేదు.

సంతోషికి కోపం వచ్చి, తమ ఆడవాళ్ళు పాడిన వీడియోను ఫోన్లోంచి ఎక్కించింది. మూడు రోజులకు దాన్ని తీసేశారు. ఈ పాట వేరేవాళ్ళ సొత్తు, మళ్ళీ పెడితే మీ ఖాతా మూసేస్తామని నోటీసు. నన్ను చదివి చెప్పమంటే చదివాను. వెంకటనర్సమ్మ మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

"నా నోరు నాది గాదా బిడ్డా?" అంది.

ఆ తర్వాత ఆమె పాడటం మానేసింది. ఆ ఏడు బతుకమ్మకు రానని చెప్పింది. లైన్ మీది ఆడవాళ్ళు ఇంటికొచ్చి బతిమాలారు. కొత్త పాట కట్టిందని సంతోషికి తెలుసు. మాస్కు కింద పెదవులు కదలడం చూసింది. అయినా ఒక్క చరణం చెప్పలేదు.

"లోపలున్నది. బయటికి దీస్తె ఎత్కపోతరు," అని చాప మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

రామంతాపూర్‌లో ఉండే హరిణి వాళ్ళమ్మకు నేను బ్లౌజులు కుడతాను. వాళ్ళ నాన్న విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే సర్కారు ల్యాబులో పని చేసి రిటైరయ్యాడు. హరిణి ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కాలేజీ సర్టిఫికెట్లను ఎవరూ మార్చకుండా బ్లాక్‌చెయిన్‌లో పెట్టడం తన పని అని ఒకసారి కొలతలిస్తూ చెప్పింది. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. కానీ ఆ రోజు బ్లౌజు చేతికిచ్చి, మీ దాంట్లో పాట కూడా పెట్టొచ్చా అని అడిగేశాను.

హరిణి గడప మీద కూర్చొని వెంకటనర్సమ్మకు చెప్పింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో మనం ఏది పెట్టినా వేరేవాళ్ళ రిజిస్టర్‌లో ఉంటుంది. రాసేదీ వాళ్ళే, కొట్టేసేదీ వాళ్ళే. మనం అందులో కిరాయికి ఉన్నట్టు. బ్లాక్‌చెయిన్‌లో అయితే రిజిస్టర్ ఒక్కరి ఇంట్లో ఉండదు. అదే రాత వేల కంప్యూటర్లలో ఉంటుంది. ఒకచోట కొట్టేస్తే మిగతావన్నీ అబద్ధమని చెబుతాయి.

వెంకటనర్సమ్మ ఆలోచించి, "అంటె గీ గల్లీల ఒక్కదానికే పాట వస్తె, అది సస్తె పాట సస్తది. అందరికి వస్తె సావది. గట్లనేనా?" అంది.

హరిణి నవ్వింది. "అంతే ఆంటీ. మా ఆఫీసులో నాకు ఇది అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది."

ఉన్నదున్నట్టు కూడా చెప్పింది. పాత పాటకు ఏమీ చేయలేం, వాళ్ళ తేదీ ముందుంది. కొత్తది ఎవరైనా ఎత్తుకుపోతే వీడియోల కంపెనీ మన మాట వినకపోవచ్చు. కానీ పాట ఏ తేదీన ఎవరు కట్టారన్నది మాత్రం స్టూడియో వాళ్ళు గానీ ఇంకెవరు గానీ మార్చలేరు.

ఆదివారం మా గదిలో రికార్డు చేశాం. మిషన్ ఆపాను గానీ పక్కింటి కుక్కర్ ఆగలేదు. మూడు విజిల్స్ ఆ పాటలో ఇప్పటికీ ఉన్నాయి. చేతుల మీద పాట అది. రోజంతా గ్లౌజులేసుకొని గోళీల పట్టీలు సర్ది, ఇంటికొచ్చి పిల్లల తల నిమిరితే నెత్తి తెలియని చేతులు. పేరు దగ్గర ఏం రాయమంటారని హరిణి అడిగితే ఆమె తడుముకోలేదు. "కట్టింది వెంకటనర్సమ్మ, నాచారం. గంతే."

అప్పుడు ఫోను మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు వచ్చాయి. హరిణి వాటిని కాగితం మీద రాసి ఇచ్చింది. ఇదే తాళంచెవి, ఇవి తెలిసినవాళ్ళ చేతిలోనే పాట ఉంటుంది, ఫొటో తీయొద్దు, ఎవరికీ చూపొద్దు, పోగొట్టుకుంటే ఏ ఆఫీసుకు వెళ్ళినా మళ్ళీ రాదు అని చెప్పింది.

వెంకటనర్సమ్మ ఆ కాగితాన్ని పామును చూసినట్టు చూసింది. వరదలొచ్చిన ఏడు మా ఇళ్ళలో నడుముదాకా నీళ్ళు. రేకు పెట్టెలో పెట్టిన ఆమె రేషన్ కార్డు, ఆధారు, అన్నీ బురదముద్ద అయ్యాయి. ఆరు నెలలు తిరిగింది. అందుకే ఆ సాయంత్రం నాతో మాటలు ఒక్కొక్కటే చదివించుకుంది. కాసేపటికి గోడ అవతలి నుంచి వినిపించింది.

"రివర్ దాటంగ ఉయ్యాలో, మంకీ వచ్చింది ఉయ్యాలో, లెమన్ దొంగిలి ఉయ్యాలో, విండోల గూసుంది ఉయ్యాలో..."

వరస ఎక్కడా తప్పలేదు.

సద్దుల బతుకమ్మ నాడు ఆమె వచ్చింది. చేతుల పాట పాడింది. కంపెనీ ఆడవాళ్ళు కొందరు చప్పట్లు ఆపి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత కోతి పాట ఎత్తుకుంది. నలభై మంది నవ్వుతూ అందుకున్నారు. బతుకమ్మ చూడటానికి వచ్చిన హరిణి నా మణికట్టు పట్టుకుంది. "అదేంటి, తాళం పాడేస్తున్నారు," అంది.

ఆట అయ్యాక పరుగున వెళ్ళి, వెంటనే వేరే తాళానికి మార్చేద్దాం ఆంటీ అని వేడుకుంది. "ఉండని బిడ్డా," అంది వెంకటనర్సమ్మ. సంతోషి పక్కనుంచి, "ఇగ మేమందరం ఓనర్లమే. రేపు కంపెనీకి బస్సు గాదు, కారు పంపమను," అంది.

పదిహేను రోజులకే ఒక ఛానెల్ వాడు చేతుల పాటను తన పేరుతో పెట్టాడు. ఆడవాళ్ళు ఆ రికార్డు లింకు పట్టుకొని వాడి వీడియో కింద వరసగా పెట్టారు. కుక్కర్ విజిల్స్‌తో సహా వినమన్నారు. వీడియోల కంపెనీ నుంచి ఏ జవాబూ రాలేదు. నాలుగో రోజు వాడే దిగొచ్చి కింద ఆమె పేరు రాశాడు. చిన్న అక్షరాలే, అయినా రాశాడు. ఈ ఏడాదిలో నలభై మందిలో ఒక్కరూ ఆ తాళం తీయలేదు. హరిణి అప్పుడప్పుడు చూసి చెబుతుంది. లోపల పైసలు మొదటి నుంచీ లేవు. పాట ఒక్కటే ఉంది.

రాజేశ్వరమ్మ మాత్రం ఇంకా అదే చెబుతుంది, పాపం తెలియక పాడింది అని. కొట్టు ముందు నిలబడి వాదించడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ బతుకమ్మకు వారం ముందు వెంకటనర్సమ్మ నాతో హరిణికి ఫోన్ చేయించింది. స్పీకర్ పెట్టమంది. ఆ మాటలు నలభై మందికి తెలిస్తే పాట ఎవరిదైతది అని అడిగింది. ఊరికే అడుగుతున్నదనుకొని, నలభై మందిదీ అవుతుంది ఆంటీ, ఎవరైనా తీసుకోవచ్చు అని హరిణి చెప్పింది. ఒక్కదానికే తెలిసి అది పోతే అని మళ్ళీ అడిగింది. అప్పుడు ఎవరిదీ కాదు అని జవాబు.

అది శుక్రవారం. కోతి పాటను ఆమె సంతోషికి నేర్పింది శనివారం.