అంబాసిడర్ ముందు సీటు

తొంభై ఒకటో, తొంభై రెండో, సరిగ్గా గుర్తు లేదు. కోరుట్లలో నాకు సీట్ల దుకాణం ఉండేది. సిరిసిల్లలో మగ్గం నేసే ఇంట్లో పుట్టినా నాకు నేత అబ్బలేదు. జీపులకు, లారీలకు రెక్సిన్ కుట్టడమే బతుకైంది. రెక్సిన్ అంటే తోలులా కనిపించే పూత గుడ్డ. అన్నలు, అంటే నక్సలైట్లు, ఏ ఊరికి వచ్చారో, వాళ్ల వెనక పోలీసులు ఏ ఊరికి పోయారో, దుకాణానికి వచ్చే డ్రైవర్ల మాటల్లోనే తెలిసేది.

ఆ ఎండాకాలం జగిత్యాల నుంచి నర్సింగరావు గారు కబురు పంపారు. బీర్పూర్ వైపు ఒక ఊళ్లో భూములున్న కుటుంబం. అన్నలు ఊరు విడిచి పొమ్మనడంతో జగిత్యాలలో కిరాయికి ఉంటున్నారు. ఊళ్లో పశువుల కొట్టంలో పాడుపడిన తన అంబాసిడర్‌ను లారీ మీద తెప్పించుకొని, ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్లుగా తన చేతులతోనే బాగు చేసుకుంటున్నారు. ఇంజన్ నడుస్తోంది, రంగు పడింది. ముందు సీటును మాత్రం ఎలుకలు చట్రం దాకా కొరికేశాయి. దాని బదులు కరీంనగర్‌లో వేరే కారువి రెండు విడి సీట్లు కొనిపెట్టారు. బిగించడం నా పని.

నేను దొరా అని పిలిస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, సార్ అంటే చాలన్నారు.

ఒక బండి సీటు ఇంకో బండిలో అంత తేలిగ్గా కూర్చోదు. రెయిల్ అంటే సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప పట్టీ. దాని బోల్టులు ఈ కారు రంధ్రాలకు కలవలేదు. యాంగిల్ ఇనుముతో బ్రాకెట్లు చేయించి తెచ్చాను. బిగిస్తే ఎత్తు ఎక్కువై సార్ తల పైకప్పుకు తగిలింది. మళ్లీ విప్పి, కోసి, దించాను. మూడో రోజు మధ్యాహ్నానికి రెండు సీట్లూ కదలకుండా నిలబడ్డాయి. నా పనికి నేనే మురిసిపోయాను.

సార్ తన భార్య లక్ష్మమ్మ గారిని పిలిచారు. ఆమె ఎడమవైపు ఎక్కి కూర్చున్నారు. కాసేపటికి రెండు సీట్ల మధ్య సందులో చెయ్యి పెట్టి చూశారు.

"మంచిగనే చేసినవు సత్తయ్యా. కని మా బిడ్డ ఏడ కూసుంటది?"

వెనక సీటుంది కదా అన్నాను.

"అది ఎన్నడు ఎన్క కూసోలె. మా ఇద్దరి నడుమనే కూసుంటది."

అత్తగారింట్లో ఉందేమో అనుకొని, ఎప్పుడు వస్తుందమ్మా అని అడిగాను. ఆమె సందులోంచి చెయ్యి తీసుకున్నారు. సార్ చేతిలోని పానా తుడుస్తూ మెల్లగా చెప్పారు.

"అన్నలల్ల కలిసింది. కాలేజికని పోయింది, మల్ల రాలె. మూడేండ్లయింది."

తమను ఊరి నుంచి వెళ్లగొట్టిన వాళ్లతోనే కూతురు వెళ్లిపోయింది. ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కడుందని పోలీసులు వచ్చి అడిగినప్పుడల్లా తెలియదనే చెప్పారట. నిజంగానే తెలియదట. ఆ కారు ఎవరి కోసం లేపుతున్నారో నాకు అప్పుడు అర్థమైంది.

రెండు సీట్లూ విప్పేశాను. పాత సీటు చట్రాన్ని కోరుట్లకు తెచ్చి తుప్పు గీకి, కొత్త స్ప్రింగులు కట్టి, కొబ్బరి పీచు పరిచి, సిరిసిల్ల ముతక గుడ్డ వేసి, పైన రెక్సిన్ కుట్టాను. అడ్డంగా ఒకటే సీటు, ముగ్గురికి సరిపోయేది. జగిత్యాలకు తీసుకుపోతుంటే దారిలో పోలీసులు ఆపి, లోపల ఏముందోనని చువ్వతో పొడిచి చూశారు. ఆ చిరుగు చూసి లక్ష్మమ్మ గారు సూది అడిగి తీసుకొని తానే కుట్టారు.

సీటు బిగించాక ఆమె ఒక చివర కూర్చొని, "ఇప్పుడు పెద్దదయింది గద, జాగ సాలుతదా?" అన్నారు.

అంబాసిడర్‌లో గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది, నడుమ కాళ్లకు అడ్డం రాదు. అయినా టేపు తీసి ఆమె ముందే కొలిచాను. "సాలుతదమ్మా" అన్నాను.

ఐదారేళ్ల తర్వాత ఆ కారు కోరుట్లలో కనిపించింది. వాళ్లిద్దరే ఉన్నారు. నేను ఏమీ అడగకముందే సార్ తల అడ్డంగా ఊపారు.

ఆ పనితో నాకో అలవాటైంది. ఏ బండి వచ్చినా టేపు తీసేముందు ఎవరెవరు కూర్చుంటారని అడుగుతాను. కొందరు దగ్గర లేని మనిషిని కూడా కలిపి చెబుతారు. ఆ మనిషికీ కొలత తీసుకుంటాను. ఎప్పుడు వస్తారని మాత్రం అడగను.