పళ్ళ మాస్టారి గట్టి స్ప్రింగులు

ఆయన్ని అందరూ పళ్ళ మాస్టారంటారు. అలాగని ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఆయన పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. మేడ మీద చిన్న గది, కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద స్పిరిటు దీపం, మైనం ముక్కలు, ఎవరెవరివో చిగుళ్ళ అచ్చులు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ బల్ల వైపు చూసి తెలియకుండానే తమ నోరు మూసుకుంటారు. పన్నుకి పన్ను ఎలా ఆనాలో, వెంట్రుకవాసి తేడా వస్తే మనిషికి నమలడం ఎంత నరకమో ఆయనకి బాగా తెలుసు. అంత సున్నితం తెలిసిన మనిషి తన కారు విషయంలో వెలగబెట్టిన నిర్వాకం ఇది. ఆయనేమీ దాచుకోరు. ఎవరైనా కాస్సేపు కూర్చుంటే టీ ఇప్పించి మరీ చెబుతారు.

కారు పాతదే. పొద్దున్నే భార్యని ఆవిడ పనిచేసే లైబ్రరీ దగ్గర దింపడం, అక్కణ్ణించి మైనంలో నిలబెట్టిన పళ్ళ ట్రేలు వెనక సీట్లో పెట్టుకుని దంత వైద్యుల దగ్గరికి తిరగడం, సాయంత్రం మళ్ళీ ఆవిణ్ణి ఎక్కించుకోవడం. ఇంట్లో ఉన్నంతసేపూ ఇద్దరికీ ఏదో ఒక పని. తీరిగ్గా నాలుగు మాటలు చెప్పుకునేది ఆ కార్లోనే.

ఒక ఆదివారం బావమరిది వెనక కూర్చున్నాడు. నాలుగు రోడ్ల కూడలిలో మాస్టారు గుండ్రంగా మలుపు తిప్పితే కారంతా ఒక పక్కకి ఒరిగింది. "బావా, ఇది కారా, పడవా? నీళ్ళొస్తాయేమోనని కాళ్ళు పైకి పెట్టుకున్నాను" అన్నాడు వాడు. బావమరిది అన్నాక ఎగతాళి చేయక మానడు, దానికేం. కానీ పక్కన కూర్చున్న భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాస్టారికి అక్కడ కాలింది.

ఇక చూడాలి ఆయన అవస్థ. మైనం కరుగుతుంటే ఫోన్లో కారు సస్పెన్షన్ వీడియోలు. భోజనాల దగ్గర షాకబ్జార్బర్ల కబుర్లు. ఎవరి పన్ను ఎత్తు కొలుస్తున్నా మనసు కారు ఎత్తు మీదే. నేలకి దగ్గరైతే ఒరగదు, గట్టిబడితే ఊగదు. ఈ రెండు ముక్కలు తెలిసేసరికి తానే కారు కనిపెట్టినంత ధీమా వచ్చింది.

దొరికిన మెకానిక్ కూడా అదే పిచ్చిలో ఉన్న మనిషి కావడం ఆయన అదృష్టమో ఏమో.

"రోజూ తిరిగే బండేనా సార్?"

"రోజూ తిరిగేదే. రోజూ తిరిగే బండి మలుపులు తిరగదా?"

"అదీ మాటంటే!" అని మెకానిక్ చేతులు తుడుచుకుని మరీ కరచాలనం చేశాడు.

ఇద్దరూ కలిసి కారుని ఒక పట్టు పట్టారు. పొట్టివీ గట్టివీ స్ప్రింగులు, వాటికి తగ్గ బిరుసు షాకబ్జార్బర్లు, రెండు పక్కల చక్రాలనీ కలిపి పట్టి ఉంచే లావుపాటి కడ్డీ. చక్రాల దగ్గరి రబ్బరు బుష్‌లు ఊడదీస్తే ఎండిన రొట్టెలా పొడిపొడిగా రాలాయి. అవీ మార్చేశారు.

మర్నాడు కూడలిలో మాస్టారు మలుపు తిప్పారు. కారు ఒరగలేదు. పట్టాల మీద రైలులా తిరిగింది. ఆనందం పట్టలేక అవసరం లేకపోయినా ఇంకో చుట్టు తిరిగారు. ఆ పైన ఇంకోటి. దారి మర్చిపోయారేమోనని ట్రాఫిక్ పోలీసు దగ్గరికొచ్చి, "ఎటు వెళ్ళాలండీ?" అని అడిగాడు. ఎటూ వెళ్ళక్కర్లేదని చెప్పలేక, లైబ్రరీకి దారి అడిగి బయటపడ్డారు.

అటు తిరగ్గానే స్పీడ్ బ్రేకర్. మాస్టారి నడినెత్తి కారు కప్పుకి ఠంగున తగిలింది.

"ఏమండీ, టైర్లలో గాలి ఎక్కువైందా?" అని అడిగింది పక్క సీట్లోంచి భార్య.

"గాలి కాదు, కంట్రోలు" అన్నారు నెత్తి తడుముకోకుండా.

ఆ తర్వాత కార్లో కబుర్లు సాగలేదు. ఆవిడ ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని, గతుక్కీ గతుక్కీ మధ్య ఒక్కో మాట చెప్పేది. మొదలుపెట్టిన సంగతి లైబ్రరీ వచ్చేదాకా కొలిక్కి వచ్చేది కాదు. చివరికి ఒకరోజు, "రేపట్నించి నేను బస్సులో వెళ్తానండీ. కోపం కాదు. నడుము" అంది. కోపమే అయితే బతిమాలుకోవచ్చు. నడుముతో ఏం మాట్లాడతారు?

అయినా మాస్టారు తగ్గలేదు. ఒంటరిగా మలుపులు తిరుగుతూ, ఎంత బాగా తిరిగామో తనకి తనే చెప్పుకునేవారు.

ఇంతలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మాస్టారూ, మీరు పంపిన సెట్టులో ముందు పళ్ళు రెండూ మొహాలు మొహాలు చూసుకుంటున్నాయి. కోరపన్ను దవడ దిగి ఎటో వెళ్ళిపోయింది. పెద్దావిడ అద్దంలో చూసుకుని భయపడింది."

మాస్టారు తన చేతిని అనుమానించలేదు. కారు ఊసైతే అసలు తలపుకే రాలేదు. తప్పు మైనానిదే అన్నారు. పోయి మైనం అమ్మేవాడితో గొడవ పెట్టుకున్నారు. వేరే మైనం తెచ్చారు. అందులోంచీ పళ్ళు కదిలాయి.

ఒక ఉదయం ట్రాఫిక్‌లో ఆయన కారు సరిగ్గా బస్సు వెనక చిక్కుకుంది. బస్సు వెనక అద్దంలోంచి భార్య కనిపించింది. పక్క సీట్లోని ఎవరో ఒకావిడతో చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. తన కార్లో ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందా అని గుర్తు చేసుకున్నారు. గుర్తొచ్చింది. పడవ అన్నప్పుడు. అదీ బావమరిది పుణ్యమే.

ఆ ఆదివారమే బావమరిదిని పిలిచి తాళాలు చేతికిచ్చారు. "నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటాను" అని పళ్ళ ట్రే ఒళ్ళో పెట్టుకున్నారు. మైనం సంగతి తేల్చడానికని బావమరిదికి చెప్పారు, తనకీ అలాగే చెప్పుకున్నారు.

వీధి మలుపు దాటీదాటకుండానే మొదటి గతుకు వచ్చింది. మాస్టారు నాలిక కరుచుకున్నారు. రెండోదానికి ఒళ్ళోంచి ట్రే లేచింది. మూడోదానికి పళ్ళు నాలుగు దిక్కులా ఎగిరాయి.

"ఆపరా! ఒరే, ఆపు!"

"అదేంటి బావా, ఇంకా గతుకుల రోడ్డు రానేలేదు!"

స్టీరింగ్ చేతిలో ఉన్నవాడికి గతుకు ముందే కనిపిస్తుంది, ఒళ్ళు దానంతటదే బిగుస్తుంది. పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మనిషికి ఆ సౌకర్యం లేదు. మాస్టారికి ఆ ముక్క నాలిక మండుతుంటే గాని అర్థం కాలేదు. కారు పక్కకి ఆపి ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని సీట్ల కింద వెతికారు. దారిన పోయే ఒకాయన వంగి, "ఏమిటండీ పోయింది?" అన్నాడు.

"పళ్ళు" అన్నాడు బావమరిది.

ఆయన మాస్టారి నోటి వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మాస్టారు మెకానిక్ షెడ్డుకి వెళ్ళి సంగతంతా చెప్పి, "పాత స్ప్రింగులు ఉన్నాయా, పారేశావా?" అన్నారు. మెకానిక్ మొహం చిన్నబోయింది. వెళ్ళి మూల నుంచి స్ప్రింగులు తెచ్చాడు. వాటి దుమ్ము దులుపుతూ, "మా ఇంట్లోవాళ్ళు కూడా నా బండి ఎక్కరు సార్, ఆటోలోనే పోతారు" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

పాత స్ప్రింగులు పెట్టి, వాటికి సరిపడే మామూలు రకం కొత్త షాకబ్జార్బర్లు బిగించారు. లావు కడ్డీ, కొత్త బుష్‌లు అలాగే ఉంచారు. కారు మలుపులో నిలకడగా తిరిగింది, గతుకు మీద నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగింది. తీరా చూస్తే మొదట్లో కారు ఊగిందంతా ఎండిపోయిన రబ్బరు ముక్కలవల్లా, అరిగిపోయిన షాకులవల్లా. వాటిని మార్చి ఊరుకుంటే సరిపోయేది. మాస్టారు ఆ మాట చెప్పేటప్పుడు తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకుంటారు.

"కారు మెత్తబడింది" అన్నారు ఇంటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి.

"మీరో?" అంది భార్య.

"నేను కారు కన్నా ముందే."

"బానే ఉంది. కానీ బస్సులో నాకో స్నేహితురాలు దొరికింది. ఆవిణ్ణి వదిలేసి ఎలా రాను?"

"ఆవిణ్ణీ ఎక్కించుకుందాం."

అలా మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళూ వెనక సీట్లో కూర్చున్నారు, మాస్టారు ముందు ఒక్కరే, అద్దె కారు డ్రైవరులా. వంతెన దిగే చోటి మలుపు ఆయన ఎంత అందంగా తిప్పారంటే, మైనంలో పన్ను కాదు కదా, గిన్నెలో నీళ్ళు కూడా తొణకవు. ఎవరైనా ఏమైనా అంటారేమోనని అద్దంలోకి చూశారు.

"ఈ సీటు కవర్లు భలే మెత్తగా ఉన్నాయండీ. ఎక్కడ కుట్టించారు?" అంది స్నేహితురాలు.

"నేనే కుట్టాను" అంది భార్య సంబరంగా.

అక్కణ్ణించి బట్ట ఎక్కడ కొన్నదీ, లోపల దూది ఎలా పరిచిందీ మొదలై లైబ్రరీ వచ్చేదాకా సాగింది. మాస్టారు ఒక్క మాటా పొల్లుపోకుండా వింటూ నడిపారు.