పారెయ్యలేని నీళ్లు

నా కాళ్ల మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కోచ్ సార్‌కి లేదు, నాకూ లేదు. గొడవంతా నా కుడిచేతితోనే వచ్చింది. నీళ్ల బాటిల్ ఒకసారి దానికి చిక్కితే ఇక వదలదు.

మారథాన్ టీవీలో చూసేవాళ్లు ఈ సంగతి పెద్దగా పట్టించుకోరు. ముందు వరసలో, అంటే ఎలైట్ వరసలో పరిగెత్తేవాళ్ల కోసం దారి పొడుగునా అయిదేసి కిలోమీటర్లకి ఒక టేబుల్ వేస్తారు. దాని మీద ఎవరి బాటిల్ వాళ్లకి ఉంటుంది. చక్కెర, ఉప్పు, కోచ్ చెప్పిన పొడి కలిపి ముందురోజే అప్పజెప్పాలి. పరిగెత్తుతూనే అందుకోవాలి, రెండు గుక్కలు తాగాలి, మిగతాది రోడ్డు పక్కకి విసిరేసి పోవాలి. అంతే పని. చెబితే ఎవరైనా నవ్వుతారు గానీ నాకు అది చేతకాలేదు.

నేను పుట్టింది పుల్లలచెరువు వైపు, అడవి మొదలయ్యే దగ్గర ఒక పల్లెలో. ట్యాంకర్ వచ్చిన రోజే మాకు పండగ. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, ముఖం కడిగిన నీళ్లు సొరపాదుకి పోయేవి. బిందె దొర్లించిన పిల్లకి ఆ పూట వీపు విమానం మోత మోగేది. గ్లాసులో నీళ్లు మిగిల్చి లేవడం మా ఇంట్లో అన్నం తన్నినంత తప్పు. అట్లా పెరిగిన చేతిని పట్టుకుని, సగం నిండా ఉన్న బాటిల్ రోడ్డు మీద పారెయ్యమంటే ఎట్లా పారేస్తుంది?

అందుకని మొత్తం తాగేసేదాన్ని. లేదంటే తర్వాతి టేబుల్ దాకా చేత్తో పట్టుకునే పరిగెత్తేదాన్ని. చిన్న రేసుల్లో అది బయటపడలేదు. జాతీయ క్యాంపులో ఉండగా పరిగెత్తిన ఆఖరి మారథాన్‌లో బయటపడింది. ప్రతి టేబుల్ దగ్గరా అడుగు కనిపించేదాకా తాగాను. ముప్పై కిలోమీటర్లు దాటాక కడుపు కుండలా ఊగడం మొదలుపెట్టింది. నలభై దగ్గరపడేసరికి రోడ్డు పక్కన కూలబడి, తాగిందంతా కక్కాను. దాచుకున్న నీళ్లన్నీ అట్లా ఒక్కసారే పోయాయి.

జాతీయ క్యాంపు జాబితాలో ఆ తర్వాత నా పేరు రాలేదు. కోచ్ సార్ కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన మెల్లగా చెప్పారు. "ఇంటికెళ్లమ్మా. చలికాలం రేసు ఇంకొకటి ఉంది. అందులో నువ్వేంటో చూపించు, మళ్లీ పిలిపిస్తాను. అది కూడా పోతే నేనేం చెయ్యలేను. ముప్పై దాటాయి నీకు." ముక్కు మీద కోపం ఉన్నదాన్నే అయినా, ఆ రోజు తల ఊపి బూట్లు సంచిలో పెట్టుకున్నాను. ఉద్యోగానికి సెలవు పెట్టి, తర్లుపాడు పక్కనున్న మా అత్తగారి ఊరికి వచ్చేశాను.

మా అత్తకి జీవాలే లోకం. కొన్ని గొర్రెలు, కొన్ని మేకలు. మా ఆయన తర్లుపాడుకీ మార్కాపురానికీ మధ్య ఆటో నడుపుతాడు. తెల్లవారకముందే నేను రోడ్డెక్కేదాన్ని. కుక్కల భయానికి ఆటో నా వెనకే వచ్చేది, అందులో శాలువా కప్పుకుని అత్త కూర్చునేది. దారిన పోయే పాలవాడు ఒకసారి ఆగి, "ఏందత్తా, కోడల్ని తరుముకుంటా పోతున్నావే?" అన్నాడు. "ఔను నాయనా, పారిపోతాంటే పట్టుకొస్తున్నా" అంది అత్త. నవ్వొచ్చి నా ఊపిరి లెక్క తప్పింది, ఇద్దర్నీ తిట్టుకున్నాను.

కోచ్ సార్ ఫోన్లో మా ఆయనకి పని అప్పజెప్పారు. దూరం పరిగెత్తే రోజున ముందుకెళ్లి ఆటో ఆపి, స్టూలు వేసి, దాని మీద బాటిల్ పెట్టాలి. నేను వచ్చి అందుకుని, రెండు గుక్కలు తాగి, పారెయ్యాలి. ఇది విన్న అత్త ముఖం చూడాలి.

"తాగి పారెయ్యడమేంది? ఇదేం చదువురా అబ్బయా?"

"పరుగులో అట్లే చెయ్యాలంటమ్మా."

"యాడన్నా ఉందా ఇది? ఎవురు కనిపెట్టినారో గానీ, వాని ఇంట్లో బోరు బాగా పడినట్టుంది."

మొదటి రోజు నేను బాటిల్ అందుకున్నాను, తాగాను, పట్టుకునే పరిగెత్తాను. వెనకనుంచి మా ఆయన ఆటోలో తల బయటపెట్టి, "పారెయ్! పారెయ్!" అని అరుస్తాడు. నాకు ఒళ్లు మండింది. "నీ ఆటో పారెయ్యి ముందు!" అని అరిచాను. రెండోరోజూ అంతే. మూడోసారి ఎట్లాగో విసిరాను, పది అడుగులు పోయి, వెనక్కొచ్చి ఏరుకున్నాను. ఆ రోజు మా ఆయన అరవలేదు. ఆటో పక్కకి ఆపి తల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం పరిగెత్తగలిగిన మనిషిని ఇంత చిన్న పని ఓడిస్తుందా అని సిగ్గేసింది కూడా.

ఆ సాయంత్రం మేకలకి ఆకు కోసి వేస్తూ అత్త అడిగింది. "పారెయ్యకపోతే ఏమైతది?"

"కడుపులో తిప్పుతుంది అత్తా. మళ్లీ పడిపోతాను. క్యాంపుకి ఇక పిలవరు."

"పారేస్తే?"

"పాపం చేసినట్టుంటుంది."

అత్త కొడవలి ఆపకుండానే తన సంగతి ఒకటి చెప్పింది. తను కొత్తకోడలిగా వచ్చినప్పుడు రెండు బిందెలతో బావి నుంచి వస్తూ జారిపడిందట. మోకాలు చీలి నెత్తురు కారుతుంటే దాన్ని చూసుకోకుండా, నేలమీది తడిని చూసి ఏడ్చిందట. అది చెప్పి, కొడవలి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు పారెయ్యి పిల్లా. నేనుండ్లా? నేను ఏరుకుంటా. నువ్వు ఇడిసిపెట్టేది నేలకు గాదు, నాకు."

మరుసటి రోజు అత్త ఆటోలో ఒక సత్తు గిన్నె పెట్టుకుని వచ్చింది. నేను రెండు గుక్కలు తాగి బాటిల్ విసిరాను. అది గడ్డిలోకి దొర్లింది. కాళ్లు ఆగబోయాయి గానీ వెనక ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. తల తిప్పి చూస్తే అత్త కడ్డీ పట్టుకుని దిగుతోంది. బాటిల్ ఏరి, వెలుతురుకి ఎత్తి ఎంత మిగిలిందో చూసి, గిన్నెలో వంచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నేను అన్ని బాటిళ్లూ పారేశాను, కడుపు తేలిగ్గా ఉంది, ఇంటికొచ్చేదాకా కాళ్లు ఎక్కడా మొండికెయ్యలేదు.

గిన్నెలోవి మేకలకి పెట్టేది అత్త. చక్కెర కలిపిన ఆ నీళ్లకి ఒక మేకపిల్ల బాగా మరిగింది. నేను బూట్లు వేసుకుంటుంటే వచ్చి లేసులు లాగేది, నేను పోతుంటే గుంజ దగ్గర నిలబడి అరిచేది. మా కోచ్ సార్ పొడి దానికి పనిచేసినంతగా నాకు కూడా పనిచెయ్యలేదేమో, ఆ వేసవిలో దాన్ని పట్టుకోవడం మా ఆయన తరం కాలేదు.

బాటిళ్లకి గుర్తు పెట్టింది కూడా అత్తే. టేబుల్ మీద పదిమంది బాటిళ్లు ఉంటాయి, వేగంగా వచ్చేటప్పుడు మనది కనిపించదు, కొందరు రిబ్బన్లు కడతారు, కొందరు జెండాలు అంటిస్తారు అని చెప్పాను. "మందలో జీవం కలిసిపోతే ఏం చేస్తాం?" అని లేచి, గొర్రెల వీపు మీద వేసే ఎర్రరంగు తెచ్చింది. మా ఇంటి గుర్తు రెండు అడ్డగీతలు, మధ్యలో ఒక చుక్క. నా బాటిళ్లన్నిటికీ అదే వేసింది. నేనూ ఆ మందలో చేరిపోయానని మా ఆయన వారం రోజులు ఆటపట్టించాడు.

ఎత్తుల మీద పరిగెత్తడానికి గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ రోడ్డుకి పోయేవాళ్లం. అక్కడ ఒకరోజు నేను విసిరిన బాటిల్‌ని అత్త దిగేలోపే కోతి ఎత్తుకుపోయింది. నేను పరుగు ఆపేసి, నడిరోడ్డు మీద నిలబడి, కోతిని తిట్టాను, ఆటో లేటుగా ఆపినందుకు మా ఆయన్ని తిట్టాను. కోతి మాత్రం గోడ మీద కూర్చుని మూత కొరికి తాగింది.

"తాగనియ్ మ్మే," అంది అత్త. "దానికి మాత్రం దప్పిక గాదా? నువ్వు పో."

రేసు దగ్గరపడుతుంటే నాకు బెంగ మొదలైంది. అక్కడ నా వెనక ఆటో రాదు. విసిరిన బాటిల్ ఎక్కడ పడుతుందో, ఎవరి కాళ్ల కింద నలుగుతుందో. అత్త లేకుండా ఆ చెయ్యి తెరుచుకుంటుందని నాకు నమ్మకం లేదు. అది చెబితే అత్త, "ఎందుకుండను? వస్తా" అంది. జీవాల్ని వదిలి ఒక రాత్రి బయట పడుకున్న మనిషి కాదు. వాటిని మా మరిదికి అప్పగించి, ఏ మేకకి ఏం పెట్టాలో స్టేషన్‌కి పోయేదాకా ఫోన్లో చెబుతూనే ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో ముగ్గురం రైలెక్కాం.

కానీ సిటీలో రోడ్లన్నీ మూసేస్తారు, అత్త ఒక్కచోటే నిలబడగలదు. ఆఖరి టేబుల్ దగ్గర ఉండమన్నాను. అది నలభయ్యో కిలోమీటరు, పోయినసారి నేను కూలబడింది కూడా దాదాపు అంత దూరంలోనే.

మొదటి టేబుల్ దగ్గర ఎర్రగీతలు దూరం నుంచే కనిపించాయి. అందుకున్నాను, రెండు గుక్కలు తాగాను. చెయ్యి తెరుచుకోలేదు. చుట్టూ పరిగెత్తేవాళ్లు బాటిళ్లు విసిరేస్తున్నారు, అవి పగిలి నీళ్లు తారు మీద పారుతున్నాయి, వాటి మీదే మా బూట్లు పడుతున్నాయి. చూడలేకపోయాను. కొంతదూరం అట్లాగే మోశాను. అత్త ఏరుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏరుకోదని తెలుసు. అయినా పైకే అన్నాను, పక్కన పరిగెత్తే అమ్మాయి నా వైపు వింతగా చూసింది. విసిరేశాను. తర్వాతి టేబుళ్ల దగ్గరా అదే మాట అనుకున్నాను, అదే పని చేశాను. ఒక్కోసారి అలవాటు కొద్దీ ఆటో ఆగిన చప్పుడు కోసం చెవి పెట్టేదాన్ని.

ఆఖరి టేబుల్ వచ్చేసరికి ఒళ్లు నాది కాదు. ముందు ఇద్దరున్నారు, వాళ్లని దాటితే తప్ప నాకు క్యాంపు లేదు. బాటిల్ అందుకుని తాగాను. నీళ్ల మీది మమకారమో, వేళ్లు పట్టేసుకున్నాయో, పిడికిలి మళ్లీ బిగుసుకుంది. మొత్తం తాగేద్దామనిపించింది. పోయినసారి కూడా అంత దూరం వచ్చాక ఇట్లాగే అనిపించింది.

"పారెయ్ పిల్లా!"

తాడు అవతల, జనం మధ్యలో, ఆకుపచ్చ చీరలో అత్త. కొండమీది మేకని పిలిచే గొంతుతో అరుస్తోంది.

"పారెయ్! నేనున్నా! ఇడిసిపెట్టి పో!"

అటువైపే విసిరాను. వెనక్కి చూడలేదు. అక్కడి నుంచి ఎట్లా పరిగెత్తానో వరసగా చెప్పమంటే చెప్పలేను. కడుపు తేలిగ్గా ఉందని తెలుసు. ఒకామె వీపు దగ్గరైంది, పక్కకి వచ్చింది, వెనకపడింది. ఇంకొకామెని ముగింపు గీత కనిపించే దూరంలో దాటాను. గీత దాటాక మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. కోచ్ సార్ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "సామాను సర్దుకో, క్యాంపుకి రావాలి" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేనైతే బాహాటంగానే ఏడ్చాను.

అత్తా, మా ఆయనా ఆ మూసిన రోడ్లన్నీ తిరిగి తిరిగి ఎప్పటికో వచ్చారు. అత్త చీర అంచు తడిసి నల్లగా ఉంది. నేను గెలిచానా అని అడగలేదు. కొంగు చాటునుంచి బాటిల్ తీసింది. ఒక పక్క నొక్కుకుపోయింది గానీ ఎర్రగీతలు అట్లాగే ఉన్నాయి. సగానికి నీళ్లున్నాయి.

"పోలీసాయన తాడు దాటొద్దన్నాడు. మా కోడలిది సామీ అని దూరినా." ఆమె వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. "అంతమంది పారేసినారే మ్మే. ఏరుపారినట్టు పారినాయి. ఒక్కదాన్ని, ఎన్నని ఏరేది? నీది మాత్రం తెచ్చినా."

"చాలు అత్తా."

"ముందర పారేసినవి? అయ్యి ఎవురన్నా ఏరినారా?"

ఆ టేబుళ్ల దగ్గర తెల్లారేసరికి చీపుర్లతో ఊడ్చేస్తారు. అది నాకు తెలుసు. ఆమెకీ తెలిసే ఉంటుంది.

"ఏరే ఉంటారు అత్తా," అన్నాను. "గుర్తుంది గదా వాటి మీద."

"ఔన్లే. గుర్తుంది" అంది. బాటిల్ మూతి కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "ఇప్పుడు తాగు. మెల్లగ తాగు."

నీళ్లు ఎండకి వేడెక్కి ఉన్నాయి. చుక్క మిగలకుండా తాగాను. అయిపోయేదాకా అత్త నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది.