అరగంట కాపలా

ఆ రోజు మా నష్టం ఇది. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. దొర్లిపోయిన నీళ్ల క్యాను ఒకటి. మూత తీశాక ఎవరూ వేసుకోక పారేసిన టీకా డోసులు ఆరు. కాలనీవాళ్ల నమ్మకం, మొత్తంగా.

కరోనా వచ్చిన రెండో ఏడాది, మే నెల. కొండాపురం దగ్గర ముంపు ఊళ్లవాళ్లకు కట్టిన కాలనీకి ఉదయం ఏడింటికి చేరాను. పదిహేడేళ్లు సరిహద్దులో కాపలా కాసి ప్రొద్దుటూరు వచ్చేసినవాణ్ని. ఈసారి నా పోస్టు టీకాలు వేస్తున్న బడి వరండా. ఎండ నలభై మూడు డిగ్రీలు. సామాను: చేతి గడియారం, విజిల్. టీకాలు వేసే నర్సమ్మ ఇచ్చిన ఆర్డరు ఒక్కటే.

"సూది ఏసుకున్నోళ్లు అరగంట కదలగూడదు హవల్దార్ మామా. ఎప్పుడో ఒకరికి పడదు. శానా అరుదు. దానికి మందు నా దగ్గరుండాది. మనిషి మాత్రం కండ్ల ముందర ఉండాల."

పదకొండింటికి, సూది వేసుకుని కూర్చున్న ఓబులమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. బయట జమ్మలమడుగు ఆటో హారన్ కొడుతోంది.

"యాడికి పోతాండావు పెద్దమ్మా? ఇంకా పద్దెనిమిది నిమిషాలుండాయి."

"నీ గడియారానికి పని లేదేమో, నాకుండాది. ఆటో పోతే నువ్వు మోసుకోని పోతావా?"

"మోస్తా. కూసో."

తిట్టుకుంటూ కూర్చుంది. కాసేపటికే మెడ మీద దద్దుర్లు లేచాయి. పెదవులు వాచాయి. "అప్పా, ఊపిరి..." అంటూ నా మణికట్టు పట్టుకుని కుర్చీతో సహా పడింది. విజిల్ ఊదాను. నర్సమ్మ పరుగున వచ్చి తొడకు ఆ మందు సూది వేసింది. నేను కాళ్లు ఎత్తి పట్టుకున్నాను. ఊపిరి మెల్లగా దారిలో పడింది. అంబులెన్సులో ప్రొద్దుటూరు పంపాం. వెనక్కి తిరిగి చూస్తే వరుసలో ఒక్కరూ లేరు.

"ఏమీ కాదంటిరే మామా?" ఆటో డ్రైవరు నిలదీశాడు.

"ఎవురన్నారబ్బీ? అరుదుగా అయితాదనే ఈడ కాపలా పెట్టింది. నీ ఆటోలో అయ్యింటే నీ దగ్గర సూది ఉండాదా?"

వాడు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. టీకాకూ రాలేదు.

మూడో రోజు ఖాళీ వరండాకు ఓబులమ్మే నడిచొచ్చింది. రెండో డోసు వేసుకోవద్దని డాక్టరు చెప్పాడట. వీధిలో నిలబడి అరిచింది.

"నాకు పడల్యా. అయినా బతికి రాలేదా? నేనింక ఏసుకోగూడదంట. మీకేం రోగం? మీరన్నా ఏసుకోని నాకు అడ్డం నిలబడండి!"

మధ్యాహ్నానికి కుర్చీలు చాలలేదు. మొదట కూర్చున్నది ఆటో డ్రైవరు. హారన్ ఊసే ఎత్తలేదు.

వారం తర్వాత ఇల్లు చేరాను. ఇప్పటికీ జమ్మలమడుగు బస్టాండులో ఓబులమ్మ నన్ను చూస్తే దూరం నుంచే నవ్వుతూ ఒక వేలు పైకెత్తుతుంది.

"నాకింగా బాకీ ఉండావప్పా!"

నిజమే. తీర్చకూడని బాకీ. ఆ రెండో డోసు ఒక్కటి.