పేక అన్నందుకు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కోడుమూరు దగ్గర మా ఊరి బడికి కోస్తా నుంచి ఒక అయ్యవారు వచ్చాడు. మా అక్క అప్పుడు నాలుగో తరగతి, నేను ఒకటి. అందరికీ ఒకటే గది. మా మాట వింటే ఆయనకు ఒళ్ళు మండేది. యాడ అంటే ఒక దెబ్బ, శానా అంటే ఇంకో దెబ్బ.

ఒకనాడు మా అక్కను లేపి మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు.

"పొద్దుగూకులూ పేక ఏస్తాంటాడు అయివారా. పేక లేకుంటే మాకు కూడు ల్యా," అంది అక్క.

మాది నేతపని. మగ్గం మీద నిలువు దారం పడుగు, అడ్డంగా నేసేది పేక. ముక్కలాటను మా వైపు ఇస్పేటాట అంటారు. ఆ మహానుభావుడికి పేక అంటే ముక్కలాట ఒక్కటే తెలుసు. జూదం కూడు తింటూ సిగ్గులేకుండా బడిలో చెబుతావా అని అక్క అరచేతులు వాచేదాకా బెత్తంతో కొట్టాడు. మీ నాన్న పేక మానుకుంటేనే బడికి రా, పో అన్నాడు. ఆ మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అక్క ఇంటికి పోయి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. మా నాయన మగ్గం గుంతలో కూర్చునే విన్నాడు.

"మగ్గం మానుకోవల్లంటనా? మానుకోని ఏం తినల్ల?" అన్నాడు.

అక్కను పంతులమ్మను చేస్తానని వీధంతా చెప్పుకున్న మనిషి ఆయన. అయినా అయ్యవారిని పోయి అడిగే ధైర్యం మావాళ్ళలో ఎవరికి ఉంది? మర్నాటి నుంచి అక్క రాట్నం ముందు కూర్చుని పేకకు వేసే నూలు కండెలు చుట్టింది. నాకింకా రాట్నం తిప్పే వయసు రాలేదు గనుక బడికి పోతూనే ఉన్నాను. పోయి నోరు మూసుకుని కూర్చునేదాన్ని.

మరుసటి ఏడు ఆయన బదిలీ అయ్యాడు. బద్వేలు వైపు నుంచి ఇంకో అయ్యవారు వచ్చాడు. మాకు ఎక్కాలు తలకెక్కడం లేదని చూసి, ఆయన బోర్డు మీద నిలువు గీతలు గీసి ఇవేందని అడిగాడు. పడుగు అన్నాం అందరమూ. వాటి మీద అడ్డగీతలు గీశాడు.

"మరి ఇవి?"

ఎవరూ నోరు విప్పలేదు. ఆ మాటంటే ఏమవుతుందో కళ్ళారా చూసినవాళ్ళం.

"మీ ఇంట్లో ఏమంటారో అదే చెప్పు పాపా. ఈడ తప్పేం ల్యా," అన్నాడు నావైపు చూసి.

చేతులు వెనక్కి పెట్టుకుని "పేక" అన్నాను. ఆయన ఆ మాటను బోర్డు మీద పెద్దగా రాశాడు.

"పడుగు మూడు, పేక నాలుగు. యాడాడ కలుస్తాండాయో లెక్కబెట్టండి."

లెక్కబెట్టాం. మూడు నాలుగుల పన్నెండు ఎందుకో ఆరోజు తెలిసింది నాకు. తెలిసిన సంతోషానికి ఏడుపొచ్చింది. చేతులెందుకు దాచుకున్నావని ఆయన అడిగితే అక్క సంగతంతా చెప్పాను.

సాయంత్రం ఆయన మా ఇంటికే వచ్చాడు.

"ముందుండిన ఆయప్ప మగ్గం మానుకోమనల్యాప్పా. వాళ్ళ తట్టు పేకంటే ఇస్పేటాట. నువ్వు జూదమాడతాండావనుకున్యాడు."

మా నాయన మగ్గం గుంతలోంచి లేచాడు. "ఒక్క మాటకా," అన్నాడు. తర్వాత అక్కవైపు తిరిగి, "పోతావామ్మా బడికి? కండెలు మీయమ్మ చుడ్తాదిలే," అన్నాడు.

అక్క రాట్నం ఆపింది. నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు పేక అన్యావా?"

"అన్యా."

"కొట్లేదా?"

"కొట్లేదక్కా. బోర్డు మీద రాసినాడు."

అక్క నా అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసింది.

"అయితే బడికి నువ్వు పో," అని మళ్ళీ రాట్నం తిప్పసాగింది.